దీవికి ఉన్న విశ్రాంతి మన పొలానికి ఉందా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: లేవీయకాండము 25:1–7, 20–22

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఇంటిల్లిపాది కూర్చొని ఈ వర్తమానం వింటున్న ప్రతి కుటుంబమునకు నా వందనములు. మంచం మీదనే ఉండి వింటున్న వృద్ధులను, అంగడిలో పని చేసుకుంటూ వింటున్న యౌవనస్థులను ప్రభువు దీవించును గాక.

ఈ దినం మన ధ్యానం కొరకు లేవీయకాండము 25వ అధ్యాయం తెరవండి. ఆరు సంవత్సరాలు విత్తనం వేసుకొని, తోట బాగుచేసుకొని, ఏడవ సంవత్సరం భూమిని విడిచిపెట్టమని దేవుడు సీనాయి కొండ మీద మోషేకు ఆజ్ఞాపించాడు. ఆ ఏడు తనంతట తాను పండినది యజమానునికి, దాసునికి, కూలివానికి, పరదేశికి, పశువులకు, ఆ దేశంలోని అడవి జంతువులకు కూడా ఆహారం కావాలి. ఇది యూదుల ధర్మశాస్త్రము, మనకు సంబంధం లేదు అని చాలామంది ఈ పేజీ తిప్పేస్తారు. కాని ఈ మాట అక్షరాలా జరుగుతున్న ఒక స్థలం మన దేశంలోనే ఉన్నది. అది పొలం కాదు, సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి.

కరువు సీమకు సముద్రపు సంగతి ఎందుకు?

“అయ్యగారూ, పెన్నలో నీళ్ళు ఎప్పుడు పారతాయా అని ఎదురుచూసే మాకు సముద్రం సంగతి ఎందుకు?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అయితే మీ ఇంటి ముంగిట పరచిన కడప బండను ఒకసారి చూడండి. అది సున్నపురాయి. నీటి అడుగున పొర మీద పొర పేరుకొని గట్టిపడిన రాయి. వేంపల్లె చుట్టుపక్కల సున్నపురాళ్ళలో ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్లు వలయాలు కనబడతాయి. ఎన్నో యుగాల క్రితం ఇక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేదని, అందులో కంటికి కనబడనంత చిన్న జీవులు కట్టిన కట్టడాలే ఆ వలయాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పులివెందుల వైపు రాళ్ళలో అలల గుర్తులు ఇప్పటికీ అచ్చుపడి ఉన్నాయి. మనం సముద్రానికి దూరపువాళ్ళం కాము. సముద్రం వెళ్ళిపోయిన చోట కాపురం ఉంటున్నవాళ్ళం.

ఇంకొక బంధం కూడా ఉంది. మన జిల్లాకు సువార్త తెచ్చిన లండన్ మిషనరీ సొసైటీ 1795లో స్థాపించబడింది. వారు తమ మొదటి మిషనరీలను డఫ్ అనే ఓడలో పంపింది ఇండియాకు కాదు, పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవికి. 1797లో వారు అక్కడ దిగారు. 1822లో అదే సొసైటీ కడపలో పని ప్రారంభించింది. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా ఆ మిషన్ పరిచర్య ఫలమే. ఆ పసిఫిక్ దీవులలో విశ్వాసులు పగడపురాళ్ళను కాల్చి సున్నం చేసి మందిరాలు కట్టుకున్నారు. ఇక్కడ మన పెద్దలు సున్నపురాయిని కాల్చి గోడలు కట్టుకున్నారు. పగడమైనా, మన బండ అయినా, రెండింటిలో ఉన్నది ఒకటే సున్నం. వాటిని చేసిన చేయి కూడా ఒకటే.

వండూరు దగ్గర ఒక దినం

చెన్నైకి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతంలో అండమాన్ దీవులు ఉన్నాయి. వాటి ముఖ్య పట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుండి కూలికి, చేపల వేటకు, ఓడరేవు పనులకు వెళ్ళి స్థిరపడిన తెలుగువారు అక్కడ వేలాదిగా ఉన్నారు. అక్కడ తెలుగులో ఆరాధన జరిగే చోట వాక్యం చెప్పడానికి వెళ్ళినప్పుడు, ఆ సహోదరులే నన్ను వండూరు తీసికొనిపోయారు. పట్టణం నుండి సుమారు 30 కిలోమీటర్లు.

అక్కడ ఉన్నది మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం. 1983లో ప్రకటించారు. 15 దీవులు, వాటి మధ్యనున్న సముద్రం, అంతా కలిపి 281.5 చదరపు కిలోమీటర్లు. ఉద్యానవనం అంటే పూలతోట అనుకోకండి. అక్కడి తోట నీళ్ళ అడుగున ఉంది.

అటవీశాఖ వారి అనుమతి చీటీ లేకుండా పడవ ఎక్కనివ్వరు. ఎక్కేముందు సంచులు వెదకుతారు. ప్లాస్టిక్ కవరు గాని, బిస్కెట్ ప్యాకెట్టు గాని తీసికొనిపోకూడదు. మేము కూడా సంచులు ఖాళీ చేసి, అనుమతించిన నీళ్ళ సీసాలు మాత్రమే పట్టుకొని ఎక్కాము. మడ అడవుల మధ్యగా, ఉప్పునీటి మొసళ్ళు తిరిగే వాగు దాటి, పడవ బయటి సముద్రంలోనికి వెళ్తుంది. పైన తెల్ల పొట్ట గల సముద్రపు గద్ద తిరుగుతుంటుంది. దీవి దగ్గర అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోనికి మారుస్తారు. ఆ అద్దంలోనుండి క్రిందికి చూచినప్పుడు కీర్తనకారుడు 104వ కీర్తన 25వ వచనంలో ఎందుకు అంత ఆశ్చర్యపడ్డాడో తెలుస్తుంది. లెక్కలేని చిన్నవి పెద్దవి అక్కడ కదులుతుంటాయి.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం మీకు తెలుసు. దీవి చుట్టూ ఉన్నవి వేరే జాతులు, కాని దానికి బంధువులే. పగడం రాయి కాదు, చెట్టు కాదు. వేలాది చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఊరు. గుండ్రాయి ఆకారంలో పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటు ఇటుగా మాత్రమే పెరుగుతుంది. మీ నడుమంత ఎత్తున్న పగడపు గుండు మీ తాతగారి కంటే పెద్దది. దానిమీద ఒక్కసారి కాలుపెట్టి విరిస్తే, విరిచినవాడు బ్రతికినంత కాలంలో అది తిరిగి రాదు. ఆ పగడాన్ని కొరికి తినే చిలుక చేప ఉంది. అది విసర్జించే పొడే తెల్లని ఇసుకగా తీరంలో చేరుతుంది. అక్కడ ఏదియు వ్యర్థం కాదు.

అక్కడనుండి గవ్వ అయినా, విరిగిన పగడపు ముక్క అయినా తేకూడదు. చూడవచ్చు, దేవుని స్తుతించవచ్చు, ఖాళీ చేతులతో తిరిగి రావాలి. రాత్రి ఉండనివ్వరు.

అన్నిటికంటె నన్ను నిలువరించిన సంగతి వేరే ఉంది. అక్కడ యాత్రికులను తీసికొనిపోయే దీవులు రెండు. ఒకటి జాలీ బాయ్, రెండవది రెడ్ స్కిన్. రెండింటినీ ఒకేసారి తెరువరు. ఎండకాలం ముగిసే దాకా కొన్ని నెలలు జాలీ బాయ్ తెరచి ఉంటుంది, రెడ్ స్కిన్ విశ్రాంతి తీసుకుంటుంది. వానల కాలంలో రెడ్ స్కిన్ తెరుస్తారు, జాలీ బాయ్ విశ్రాంతి తీసుకుంటుంది. వారంలో సోమవారం రెండూ మూసివేస్తారు. ప్రియ శ్రోతలారా, దీవికి సబ్బాతు ఉంది! ఆ నియమం వ్రాసిన అధికారులు లేవీయకాండము చూచి వ్రాశారని నేననను. కాని సృష్టికర్త సీనాయి మీద చెప్పిన సత్యం, సృష్టిని దగ్గరగా గమనించిన ప్రతివానికి ఏదో ఒక దినాన తెలిసే తీరుతుంది.

ఈ దీవి నుండి మూడు మాటలు నేర్చుకొందాము.

మొదటి మాట: మనకంటే ముందు ఆశీర్వాదం పొందినవారు ఉన్నారు

ఆదికాండము 1:22 చూడండి. బైబిలులో దేవుడు మొదట ఎవరిని ఆశీర్వదించాడు? ఆదామును కాదు. ఐదవ దినమున నీళ్ళలోని జీవులను, పక్షులను. ఫలించి, అభివృద్ధి పొంది, సముద్రాన్ని నింపమని వాటితో చెప్పాడు. ఆ తరువాతనే ఆరవ దినమున మనుష్యుడు ఆశీర్వదించబడ్డాడు. జలప్రళయం తరువాత నిబంధన చేసినప్పుడు కూడా, ఆదికాండము 9:9–10 ప్రకారం, నోవహుతోను అతని సంతతితోను మాత్రమే కాదు, వారితో ఉన్న సమస్త జీవులతోను చేశాడు.

ఇది అండమానుకే చెందిన మాట కాదు. మన పెన్న లోయలోనే కలివికోడి అనే పక్షి ఉంది. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే చిన్న పక్షి. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే అది మరల కనబడింది. దాని కొరకు లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చారు. ఎనభై ఏండ్లకు పైగా మనుష్యుల లెక్కలో లేని ఆ పక్షి, దేవుని లెక్కలో ఏ దినమూ తప్పిపోలేదు. పిచ్చుకను మరువని తండ్రి నిన్ను మరచునా?

రెండవ మాట: కాచుటకే పంపబడ్డాము

ఆదికాండము 2:15లో దేవుడు ఆదామును తోటలో ఉంచిన కారణాలు రెండు. ఒకటి సేద్యం, రెండవది కాపలా. కాచుట అనే మాటకు హెబ్రీ భాషలో షామర్ అనే పదం వాడబడింది. ఆరాధన ముగింపులో మన మీద పలికే ఆశీర్వాదం సంఖ్యాకాండము 6:24లో ఉంది కదా? యెహోవా నిన్ను కాపాడును గాక అని అర్థం వచ్చే ఆ చోట ఉన్నది కూడా ఇదే షామర్. అంటే దేవుడు నిన్ను ఎంత ప్రేమగా కాపాడాలని నీవు కోరుకుంటావో, అంత ప్రేమగా నీకు అప్పగించిన నేలను నీవు కాపాడాలి.

ద్వితీయోపదేశకాండము 22:6–7లో పక్షిగూడు దొరికితే పిల్లలతో కూడ తల్లిని పట్టుకోకూడదు అని ఆజ్ఞ ఉంది. ఎంత చిన్న ఆజ్ఞ! కాని తల్లిదండ్రులను సన్మానించినవారికి ఇచ్చిన దీర్ఘాయువు వాగ్దానమే దీనికి కూడా దేవుడు జతచేశాడు. దొరికినదంతా నాదే అనుకొనేవాడు తల్లిని కూడా తింటాడు. మరుసటి ఏడు గూడు ఉండదు. ఆ దీవి చుట్టూ చేపలు పట్టడం నిషేధం. కాపాడిన నీళ్ళలో చేపలు గుడ్లుపెట్టి పెరిగి, కొన్ని హద్దు దాటి బయటకు ఈదుకుంటూ వస్తాయి. బయట వల వేసేవానికి అవే దొరుకుతాయి. తల్లిని విడిచిపెట్టిన చోటనే పిల్లలు దొరుకుతారు.

మూడవ మాట: విశ్రాంతి ఇవ్వడం విశ్వాసం

ఇప్పుడు మన పొలాలకు వద్దాము. పులివెందుల, వేముల, లింగాల వైపు చీనీ తోటలు పెట్టిన సహోదరులారా, మీ బాధ నేను ఎరుగుదును. బోరు ఎండిపోతే పక్కనే ఇంకొక బోరు. వందల అడుగులు పోతే దుమ్ము, వెయ్యి అడుగులు పోతే అప్పు. భార్య మెడలోని గొలుసు కుదువకు పోతుంది. పక్కవాని బోరు మన బోరును తాగుతుంది, మన బోరు వాని బోరును తాగుతుంది. చివరికి కన్నబిడ్డల్లా పెంచిన చెట్లు నిలువునా ఎండిపోతాయి. ట్యాంకరు నీళ్ళు తోలి చెట్లను కాపాడుకున్నవారు మీలో ఉన్నారు. జమ్మలమడుగు వైపు పెన్నలో ఇసుక తీసే బండ్లకు రాత్రి లేదు పగలు లేదు. ప్రొద్దుటూరులో మగ్గం మీద కూర్చున్న తల్లికి, అంగడిలో నిలబడిన గుమాస్తాకు వారానికి ఒక దినమైనా నడుము వాల్చే అవకాశం ఉందా? నేలకు విశ్రాంతి లేదు, నీటికి లేదు, ఏటికి లేదు, మనిషికి లేదు.

ఇక్కడ మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. “అయ్యగారూ, నేను పొలం బీడు పెడతాను సరే. నా అప్పు బీడు పడుతుందా? వడ్డీకి సబ్బాతు ఉందా?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా విశ్రాంతిని గురించి బోధించేవాడు ఇతరుల భుజాల మీద బరువు పెట్టి వ్రేలితోనైనా కదల్చని పరిసయ్యునివంటివాడు. దేవుడు ఈ ప్రశ్నను ముందే ఎరుగును. లేవీయకాండము 25:20లో జనులు ఏడవ ఏట ఏమి తిందుము అని అడుగుతారని తానే చెప్పి, ఆరవ ఏట తన దీవెనను పంపుతానని 21వ వచనంలో జవాబిచ్చాడు. అంతటితో ఆగలేదు. ద్వితీయోపదేశకాండము 15:1–2 చదవండి. అదే ఏడవ సంవత్సరాంతమున అప్పిచ్చినవాడు తన పొరుగువాని అప్పు విడిచిపెట్టాలి. అది చూచి, ఏడవ ఏడు దగ్గరపడిందని బీదవానికి చేబదులు ఇవ్వకుండా చేయి బిగపట్టకూడదు అని 9వ వచనంలో హెచ్చరించాడు. చూచారా? భూమికి విశ్రాంతి ఇచ్చిన నోటితోనే దేవుడు అప్పుకు కూడా విశ్రాంతి ఇచ్చాడు. పొలం ఉన్నవాడొక్కడే ఆ భారం మోయాలని ఆయన ఉద్దేశం కాదు. ఉన్నవాడు, లేనివాడు, అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, అందరూ కలిసి మోయాలి.

కాబట్టి బోరు వేయవద్దని నేను రైతును గద్దించడానికి రాలేదు. సంఘాన్ని అడగడానికి వచ్చాను. మీ సంఘంలో వడ్డీకి ఇచ్చే విశ్వాసి ఉన్నారా? ఈ సంవత్సరం ఒక్క కుటుంబానికైనా వడ్డీ మాఫీ చేయగలరా? అంగడి యజమానులారా, మీ పనివారికి వారానికి ఒక దినం జీతం కోయకుండా సెలవు ఇస్తున్నారా? కోత పండుగ కానుకలలో ఒక భాగం, బోరు ఎండిన తోట యజమానికి ఇచ్చే సంఘం ఉంటుందా? ఒకే ఊరిలో పొలాలున్న విశ్వాసులు పోటీ బోర్లు మాని, ఉన్న బోరు నీళ్ళు వంతులవారీగా పంచుకొని, వాననీరు ఇంకే గుంతలు కలిసి త్రవ్వుకోగలరా? సభల తరువాత ప్రేమవిందులో ప్లాస్టిక్ గ్లాసులు మాని, విస్తరాకులో వడ్డించగలరా? దీవికి పోయే పడవ ఎక్కేవాడు విడిచిపెట్టే ప్లాస్టిక్ సంచి, దేవుని మందిరానికి వచ్చేవాడు విడిచిపెట్టలేడా?

కంచె ఆపలేని వేడి

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇంత కాపలా ఉన్నా ఆ దీవులకు ఆపద తప్పలేదు. పగడపు ప్రాణి శరీరంలో కంటికి కనబడని చిన్న పాచి నివసిస్తుంది. ఎండ వెలుగుతో అది ఆహారం చేసి పగడానికి పెడుతుంది. పగడానికి ఎక్కువ రంగు కూడా దానివల్లనే. సముద్రపు నీరు మామూలు ఎండకాలపు వేడి కంటే ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ పాచిని వెళ్ళగొడుతుంది. అప్పుడు ఎముకవలె తెల్లబడుతుంది. అండమానులో 1998లో, 2010లో, మరల 2016లో ఇలా జరిగింది. ఆ వేడిని ఏ పడవవాడూ మోసుకొని రాలేదు. బొగ్గు, డీజిలు కాల్చే లోకమంతటి పొగ గాలిలో చేరి సముద్రాన్ని వేడిచేస్తున్నది. మన ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్యనున్న థర్మల్ కేంద్రం కరెంటుతో మన ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నది. అది తప్పని నేననను. కాని అవసరం లేని దీపం ఆర్పడం, పోవలసిన చోటికి నలుగురు కలిసి ఒక బండిలో పోవడం మన చేతిలో ఉంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాననున్న మన పొయ్యికి ఆ పగడానికి సంబంధం ఉంది. సృష్టి అంతా ఏకముగా మూలుగుచున్నదని రోమా పత్రిక 8:22లో అపొస్తలుడు చెప్పినది ఇదే.

అయితే ఇందులో నిరీక్షణ కూడా ఉంది. తెల్లబడిన పగడం వెంటనే చచ్చిపోదు. కొన్ని వారాలు ఆకలితో ప్రాణం బిగపట్టుకొని ఉంటుంది. అంతలో వేడి తగ్గితే పాచి తిరిగి వస్తుంది, రంగు తిరిగి వస్తుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. మధ్యలో ఉన్నది కొద్ది కాలం. దానినే కృపాకాలము అంటాము.

ప్రియ సహోదరీ, సహోదరుడా, నీ జీవితం కూడా ఈ దినం రంగు పోయి తెల్లబడి ఉందా? అప్పుల వేడికి, ఆశల వేడికి, పక్కవానితో పోటీ పడే వేడికి నీలోని వెలుగు నిన్ను విడిచిపోయిందా? నీ ఇంటిలో నవ్వు విని ఎన్నాళ్ళయింది? ప్రయాసపడి భారము మోయుచున్నవారిని తన యొద్దకు రమ్మని మత్తయి 11:28లో పిలిచిన యేసు, విశ్రాంతి ఇస్తానని మాట ఇచ్చాడు. శిష్యులకు భోజనానికి కూడా తీరిక లేనప్పుడు, మార్కు 6:31లో వారిని అరణ్యప్రదేశమునకు ఏకాంతంగా తీసికొనిపోయి సేదదీర్చాడు. నీవు చనిపోలేదు. ఇంకా సమయం ఉంది. ఆయన యొద్దకు రా. నీవు విశ్రాంతి పొందు. పొందినవాడవై నీ నేలకు, నీ పశువుకు, నీ పనివానికి, నీకు బాకీ ఉన్నవానికి ఆ విశ్రాంతి పంచిపెట్టు.

ప్రార్థన చేసికొందాము.

పరలోకమందున్న మా తండ్రీ, సముద్రమును నింపినవాడవు, మా సీమ రాళ్ళలో నీ అలల గుర్తులు దాచినవాడవు నీవే. దొరికినదంతా మాదేయని పట్టుకొన్న మా చేతులను తెరువుము. ఎండిన బోరు ప్రక్కన కూర్చొని ఏడ్చుచున్న నీ బిడ్డను ఆదరించుము. అతని అప్పు మోయుటకు అతని సంఘమును లేపుము. నీటిలోని ప్రాణులను, మా లోయలోని చిన్న పక్షిని, మా చిన్నబిడ్డలను కాపాడుము. మాకు విశ్రాంతి దయచేయుము, మా నేలకు వర్షము దయచేయుము. మా ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.